నైట్ షిఫ్టు వారం పాట

పోయిన ఎండాకాలం భిలాయి పక్కన రిసాలిలో రమణమ్మత్త ఇంటికి వెళ్ళాను. ఆవిడ మంచినీళ్ళయినా ఇవ్వకముందే బీరువా మీంచి పాత ప్లాస్టిక్ సంచి ఒకటి దింపి నా ఒళ్ళో పడేసింది. "ఇవి మీవేనే. ఇన్నాళ్ళూ దాచినాను. ఇంక చెదలతో పోట్లాడ్డం నా వల్ల కాదు, పట్టుకుపో" అంది. సంచి విప్పితే కర్పూరం బిళ్ళల వాసన, దాని కింద కొంచెం గ్రీజు వాసన. లోపల ఉన్నవి స్టీల్ ప్లాంటు మిల్లులో పారేసే పాత లాగ్ షీట్లు. ఒకవైపు ఇంగ్లీషులో అచ్చేసిన గళ్ళు, టైము, టెంపరేచరు, సంతకం. రెండోవైపు నలుగురు పిల్లల వంకర చేతిరాతలో స రి గ ప దలు. ఒక కాగితం మీద మాత్రం అచ్చు వైపే రాసేశారు, టెంపరేచరు గళ్ళలో స్వరాలు, సంతకం గడిలో 'బుజ్జి' అని. నేను పకపకా నవ్వేశాను. అవతలి గదిలో అప్పలనాయుడు మావయ్య టీవీ ఎంత గట్టిగా పెట్టుకున్నాడంటే నా నవ్వు నాకే వినబడలేదు.

రమణమ్మత్త మాకు చుట్టమేమీ కాదు. మా భిలాయి తెలుగువాళ్ళ చుట్టాలంతా శ్రీకాకుళం, విజయనగరాల్లోనే ఉండిపోయారు కాబట్టి, పక్క క్వార్టర్ల వాళ్ళనే అత్తలుగా, పిన్నులుగా పంచుకునేవాళ్ళం. అత్త చిన్నప్పుడు విజయనగరంలో సంగీతం నేర్చుకుని, పెళ్ళయ్యాక శ్రుతిపెట్టె ఒళ్ళో పెట్టుకుని రైలెక్కి వచ్చిన మనిషి. మావయ్యకి ప్లాంటులో రోలింగ్ మిల్లులో పని. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ మాట తలుచుకునే తీరిక మేం వాళ్ళకి ఇచ్చామని నేననుకోను, ఎందుకంటే బడి లేని ప్రతి పూటా మేం ఆ ఇంట్లోనే పడి ఉండేవాళ్ళం.

అక్కడ పాఠం గడియారాన్ని బట్టి కాక మావయ్య షిఫ్టును బట్టి నడిచేది. తలుపు వెనక ఒక పలక వేలాడుతుండేది. దాని మీద అత్త సుద్దముక్కతో ఫస్ట్, సెకండ్, నైట్ అని వారం వారం మార్చి రాసేది. చెప్పులు విప్పుతూనే మేం ఆ పలక చూసి గొంతు సర్దుకునేవాళ్ళం. ఫస్ట్ షిఫ్టు అయితే పొద్దున్న మావయ్య ఇంట్లో ఉండడు, కప్పు ఎగిరిపోయేలా పాడొచ్చు. సెకండ్ అయితే టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చుని వింటాడు. నైట్ అని ఉంటే మాత్రం పొద్దున్న ఏడింటికి వచ్చి, స్నానం చేసి, ఇంత చద్దన్నం తిని, కిటికీకి కంబళి కట్టుకుని పడుకునేవాడు. మాకూ ఆయనకీ మధ్య ఒక్క గోడ. పాఠం ఆగకూడదు, మనిషి లేవకూడదు. అందుకని అత్త కొన్ని పద్ధతులు పెట్టింది. తాళం చేత్తో చరచకుండా తొడ మీద ఒక్క వేలితో వెయ్యాలి. పాట ఊపిరి మీద పాడాలి. నవ్వొస్తే నవ్వు కూడా ఊపిరి మీదే నవ్వాలి. శ్రుతిపెట్టె కిర్రుమనకుండా దాని కీలుకి కొబ్బరినూనె పూసేది. కుక్కరు కూత పెడుతుందని పప్పు గిన్నెలోనే ఉడికించి, తాలింపు వెయ్యకుండా మూత పెట్టి ఉంచేది. ఆవాల చిటపటకి లేవకపోయినా ఎండుమిరప ఘాటుకి మనిషి దగ్గి లేస్తాడని ఆవిడ భయం. మధ్యాహ్నం రెండింటికి మావయ్య లేచి మొహం కడుక్కున్నాకే తాలింపు. చుయ్యిమని ఆ చప్పుడు వినబడిందంటే ఇంక మేం అరుచుకోవచ్చు. ఇప్పటికీ ఎవరింట్లో తాలింపు వాసన వచ్చినా నాకు గొంతు విప్పాలనిపిస్తుంది.

ఆ ఒక్క ఇల్లే కాదు, ప్లాంటు కాలనీలో మా సెక్టారు మొత్తం అంతే. ఏ గుమ్మంలోనైనా ఎవరైనా అరచేతి మీద చెంప ఆనించి కళ్ళు మూసి చూపించారంటే, లోపల నైట్ షిఫ్టు మనిషి పడుకున్నాడని అర్థం. క్రికెట్ ఆడే పిల్లలు పక్క వీధికి పోయేవారు. కూరల బండి భయ్యా కూడా ఆ సైగ చూస్తే కేక మింగేసి బండి తోసుకుపోయేవాడు. మాకు తెలుగూ హిందీ రెండూ సగం సగమే వచ్చేవి గానీ ఈ భాష మాత్రం పూర్తిగా వచ్చు.

ఇక నా సంగతి. నాది పీల గొంతు. "ఇది పాడితే పక్కింటి పిల్లి కూడా చెవి తిప్పదు" అని మా అమ్మే నలుగురిలో అనేది. నాతో నేర్చుకునే గ్రేసుది అలాంటి గొంతు కాదు. వాళ్ళ నాన్న ఊరి పక్క చరోదాలో రైల్వే గార్డు. శనివారాలు అక్కణ్ణుంచి వచ్చేది, సెలవల్లో అయితే మా వీధిలో ఉన్న వాళ్ళ పిన్నిగారింట్లోనే మకాం. చర్చిలో పాడి పాడి సాన పట్టిన గొంతు అది, మైకు లేకుండా చివరి బెంచీ దాకా పోయేది. ఫస్ట్ షిఫ్టు వారాల్లో దాని పక్కన నేను నోరు తెరిచినా మూసినా ఒకటే. కానీ పలక మీద 'నైట్' అని పడిందా, కథ తిరగబడేది. దాని గొంతు అణిస్తే బీటలు వారేది, నాది ఆ కొలతకే కుట్టించినట్టు సరిపోయేది. "ఈ వారం మన సుధ పాడతాది, అందరూ దాన్ని పట్టుకోండి" అనేది అత్త. అందుకని నేను రోజూ దేవుడికి దండం పెట్టి, మావయ్యకి జన్మంతా నైట్ షిఫ్టే వెయ్యమని కోరుకునేదాన్ని. నిద్ర లేక ఎర్రబడిన ఆయన కళ్ళు చూసి కూడా కోరుకున్నాను. పన్నెండేళ్ళ వయసులో ఎంత స్వార్థమో.

ఆ ఏడు దసరా సెలవల్లో మా తెలుగు సంఘం వాళ్ళు వార్షికోత్సవానికి కొత్త షరతు ఒకటి పెట్టారు. పిల్లలు ఎవరో రాసిన పాట పాడితే కుదరదు. 'మా ఊరు' అనే విషయం మీద తామే పాట కట్టుకుని రావాలి. ఉత్సవం జరిగే ఆదివారం మావయ్యకి సెకండ్ షిఫ్టు పడింది. మధ్యాహ్నం రెండింటికి వెళితే రాత్రి పదింటికి గానీ రాడు. దాంతో ఆయన తోటి మనిషిని బతిమాలి, తన సెకండ్ షిఫ్టు వారం ఇచ్చేసి అతని నైట్ షిఫ్టులు తీసుకున్నాడు. అప్పటికే నడుస్తున్న వారం నైటు, ఆ పై వారమూ నైటే. "గుంటలు పాట కడతంటే నాను వినొద్దేటి?" అన్నాడు. మా పాట సాయంత్రం వినడం కోసం ఆయన చేసిన పనికి, మేం ఆ పాటను రెండు వారాల పాటు గుసగుసల్లో కట్టుకోవలసి వచ్చింది. ఆ ముక్క అప్పుడు ఒక్కళ్ళకీ తట్టలేదు. నాకు మటుకు పండగే.

మొదటి రోజు నలుగురం రాసుకొచ్చినవి అత్త చదివింది. నేను తాటితోపు గురించి, గ్రేసు వరిచేల గురించి రాశాం. మాతో నేర్చుకునే దీపక్ సముద్రపు హోరు గురించి హిందీ అక్షరాల్లో తెలుగు రాసుకొచ్చాడు. ఏడేళ్ళ బుజ్జి ఏనుగు బొమ్మ వేసింది.

"ఈ తాటితోపు ఏ సెక్టార్లో ఉందే సుధా?" అని అత్త నన్ను అడిగింది.

"మా ఊళ్ళోనత్తా. అమ్మ చెప్పింది."

"మరి నువ్వురా దీపకూ, సముద్రం ఎప్పుడు చూసినావేటి?"

"నేను చూళ్ళేదత్తా. పాపా చూసారు కదా." వాడు వాళ్ళ నాన్నని హిందీలో పాపా అనేవాడు.

"మరైతే మీ పాపని పాడమను."

మేం ఊపిరి మీద నవ్వుకున్నాం. అత్త నవ్వలేదు. కాగితాలు మడిచి పక్కన పెట్టి, "అది మీ అమ్మా నాన్నల ఊరర్రా. మంచి ఊరే. కానీ మీరు పుట్టింది ఇక్కడ, పెరుగుతున్నది ఇక్కడ. రెండ్రోజులు చెవులు పెట్టుకుని తిరగండి. మాటలొద్దు. ఒక్కొక్కలు ఒక్క చప్పుడు పట్టుకురండి. మీరు విన్నదే అవ్వాలి" అంది.

చప్పుళ్ళ వేటలో మేం పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. దీపక్ గేటు దగ్గర నిలబడి షిఫ్టు వదిలినప్పుడు వచ్చే సైకిళ్ళ వరస పట్టుకొచ్చాడు. చైన్లు, బెల్లులు, మడ్‌గార్డులు కలిసి తకిట తకిట అంటున్నాయని వాడి వాదన. గ్రేసు చరోదా యార్డులో వ్యాగన్లు కలిపేటప్పుడు ఒకదానికొకటి తగులుతూ దూరంగా పోయే ధన్ ధన్ ధన్ చప్పుడు తెచ్చింది. బుజ్జి కొళాయి తెచ్చింది. నీళ్ళు వచ్చేముందు గొట్టంలో గాలి హుష్షుమంటుంది కదా, అది. నేను ప్లాంటు సైరను తెచ్చాను. దాన్ని మేం భోంపు అనేవాళ్ళం. రోజూ విన్నదే, కానీ ఎప్పుడూ వినలేదని ఆ రెండు రోజుల్లో తెలిసింది. భోంపు ఒక్కసారి మొదలైపోదు. కిందనుంచి పాక్కుంటూ వచ్చి, పైన నిలబడి, మళ్ళీ మెల్లగా జారిపోతుంది.

తరువాత పాట కట్టడం. అందులో అత్త ఒక్క స్వరం కూడా తనది పెట్టలేదు. పెట్టకుండా ఉండటానికి కొంగు నోట్లో కుక్కుకునేది. అడగడమే ఆవిడ చేసిన పని. మెట్టు ఎక్కిందా, దిగిందా? ఎక్కడ ఆగింది? ఆగినచోట ఎంతసేపుంది? మేం మోహనలో కట్టుకున్నాం, ఎందుకంటే నలుగురికీ గట్టిగా వచ్చిన రాగం అదొక్కటే. దీపక్ బడిలో అదే భూపాలీ అని నేర్పారట, వాడు పెద్ద పండితుడిలా ఆ సంగతి రోజుకోసారి చెప్పేవాడు. భోంపు షడ్జం దగ్గర బయల్దేరి రి, గ మీదుగా పాకి పంచమంలో నిలబడింది. అక్కడ ఎనిమిది వేళ్ళు లెక్కపెట్టి దిగాలని నేనే పెట్టుకున్నాను. వ్యాగన్లు ద ప గ రి స అని ఒక్కో మెట్టూ సన్నబడుతూ దిగాయి. సైకిళ్ళు మధ్యలో పరుగెత్తాయి. మాటల దగ్గర రెండు రోజులు ఆగిపోయాం. చివరికి దీపక్ గోడ వైపు చూస్తూ, "అత్తా, మనకి పొద్దు తీన్ బార్ అవుతాది కదా" అన్నాడు. నిజమే. పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి, ఎప్పుడు చూసినా ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు లేచి మొహం కడుక్కుంటూ ఉంటారు. మిగిలిన ముక్కలు ఆ మాట వెనకే వచ్చేశాయి. ఆ లాగ్ షీటు ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

మా ఊళ్ళో పొద్దు మూడుసార్లు పొడుస్తుంది
ఒకరు లేస్తే ఒకరు పడుకుంటారు
మెల్లగా మెల్లగా నడు సైకిలా
మా నాన్న కల ఇంకా అయిపోలేదు

మొదటి భోంపూ, చివరి వరసా నావి. నా జన్మలో మొదటిసారి నలుగురి ముందు నేను ఎత్తుకునే పాట. ఆ రెండు వారాలు నేను నేల మీద నడవలేదు.

ఉత్సవానికి ముందు రోజు హాల్లో ఒకసారి పాడి చూసుకోమన్నారు. రేకుల కప్పు వేసిన పెద్ద హాలు, నిండా పిచ్చుకలు. అత్త వెళ్ళి చివరి వరసలో కూర్చుంది. మేం పాడాం. పాడి నిలబడ్డాం. అత్త అక్కణ్ణుంచి చెయ్యి ఊపి, "ఏటర్రా చూస్తన్నారు? మొదలెట్టండి" అని కేకేసింది.

"అయిపోయిందత్తా!" అన్నాడు దీపక్.

అప్పుడు తట్టింది మాకు. గోడకి అవతల మనిషిని లేపకుండా కట్టిన పాట అది, గోడ దాటదు. గట్టిగా పాడబోతే నా భోంపు తోక తొక్కిన పిల్లి అరుపులా వచ్చింది. మైకు ఉంది గానీ దాని స్టాండు సంఘం ప్రెసిడెంటుగారి ఎత్తుకి తుప్పుపట్టి బిగుసుకుపోయింది, ఆయనేమో ఆరడుగుల మనిషి. అత్త లేచి వచ్చి గ్రేసుని ఎత్తుకోమంది. శ్రుతి పెంచి అది ఎత్తుకుంటే పిచ్చుకలు లేచిపోయాయి. నిజం భోంపే. "రేపు ముందు గ్రేసు ఎత్తుకుంటాదే. నువ్వు కూడా పాడు" అంది అత్త, నా మొహం చూడకుండా. "సరే అత్తా" అన్నాను. ఇంటికి వెళ్ళి స్నానాల గదిలో కొళాయి తిప్పుకుని ఏడ్చాను. గ్రేసు మీద కోపం, ఆ హాలు మీద కోపం, అన్నిటికన్నా నన్ను పుట్టించిన దేవుడి మీద కోపం.

మర్నాడు పొద్దున్న పాఠానికి వెళ్ళను గాక వెళ్ళనని భీష్మించుకుంటే గ్రేసు చర్చి నుంచి తిన్నగా వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. అత్త ముందు నిలబెట్టి, "నేను ఎత్తుకోనత్తా" అంది. ఎందుకే అంటే, "నేను పాడితే భోంపులాగుంది కానీ మన పాటలాగ లేదు. చివర నాన్న పడుకున్నాడని ఉంది కదా. నేను గట్టిగా పాడితే లేచిపోతాడు కదా" అంది.

పక్కగదిలో మావయ్య పక్క మీద అటూ ఇటూ దొర్లిన చప్పుడైంది. అత్త గొంతు తగ్గించి, "వినబడకపోతే మాననీ. పాట అబద్ధమాడకూడదు. సుధే పాడతాది" అంది. పదమూడేళ్ళ గ్రేసు చేసిన ఆ పని నేనైతే చేసి ఉండేదాన్ని కాదు. ఆ మాట దానితో ఎప్పుడూ చెప్పలేదు, ఇదిగో ఇప్పుడు ఇలా చెబుతున్నాను.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. మాకంటే ముందు టేపు పెట్టి డాన్సు చేసిన పిల్లలకి ఈలలు, చప్పట్లు. వరసల మధ్య పిల్లల పరుగులు, వేరుశనగ తొక్కలు, ఊరి కబుర్లు. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని మూడో వరసలో కూర్చున్నాడు. నేను ఎత్తుకున్నాను. నా గొంతు నా చెవిదాకా కూడా రాలేదు. ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో చీర అంచు గురించి మాట్లాడుతూనే ఉంది. బుజ్జి నా పావడా లాగి, "అక్కా, నువ్వు మొదలెట్టావా?" అని అడిగింది. నేను ఆగిపోయాను. అత్త వేదిక పక్కన కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

అప్పుడు మావయ్య లేచాడు. జనం వైపు తిరిగాడు. అరచేతి మీద చెంప ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

ముందు మూడో వరస ఆగింది. తరువాత నాలుగు, అయిదు. తల్లులు పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. చీర అంచు ఆవిడ నోట్లో చేగోడీ ఉండిపోయింది, నమలడం ఆపేసింది. ఎవరో వెళ్ళి ఫ్యాన్లు కట్టేశారు. అంత పెద్ద హాలు ఒక్క నిమిషంలో మా అందరి ఇళ్ళలా అయిపోయింది. నేను మళ్ళీ ఎత్తుకున్నాను. ఈసారి నా గొంతు వెళ్ళి వెనక గోడకి తగలడం నాకు తెలిసింది. కొళాయి హుష్షుమంటే ఎవరో ఆడవాళ్ళు నవ్వాపుకున్నారు. వ్యాగన్లు సన్నబడుతూ పోయాయి. 'మా నాన్న కల ఇంకా అయిపోలేదు' అన్నచోట ముందు వరసల్లో కొందరు తలలు దించుకున్నారు. భోంపు జారి ఆగిపోయింది.

చప్పట్లు లేవు. తీరా చూస్తే అందరూ కొడుతున్నారు, అలవాటు కొద్దీ రెండు వేళ్ళతో అరచేతి మీద, చప్పుడు రాకుండా. నిద్రపోయేవాడు లేస్తాడని. మావయ్య మళ్ళీ లేచి నిలబడి, "లేచిపోయినానర్రా, కొట్టండి!" అని కేకేశాడు. రేకులు అదిరిపోయాయి. పిచ్చుకలు ఆ పూటకి ఇంక తిరిగి రాలేదు.

బయటికొచ్చాక మావయ్య నా నెత్తి మీద మొట్టి, "బాగానే పాడినావు గానీ తొందరపడ్డావే గుంటా. పంచమం దగ్గర ఎనిమిది వెయ్యాల కదా, ఆరుకే దిగిపోయినావు. మంగళవారం బాగా పాడినావు" అన్నాడు.

"మంగళవారం మీరు పడుకున్నారు కదా మావయ్యా" అన్నాను.

"ఈ రెండు వారాలూ నాను పడుకున్నానేటి? మీరు అన్నాలకెళ్ళినాక రెండింటి దాకా కునుకు తీసినాను."

అత్తకి వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "అయితే నేనెందుకు రెండు వారాలు తాలింపు లేని పప్పు ముందేసుకుని కూచున్నాను?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉంది. మావయ్య సైకిలు నడిపించుకుంటూ నవ్వుతూనే ఉన్నాడు. ఆ రాత్రి మళ్ళీ డ్యూటీకి వెళ్ళాడు.

నేను పాటగత్తెను కాలేదు. రాసుకుంటూ బతుకుతున్నాను, అదీ గొంతెత్తకుండా చేసే పనే. గ్రేసు నాగపూర్‌లో ఒక బడిలో పిల్లలకి పాటలు నేర్పుతోంది. అత్త ఇప్పటికీ నలుగురు పిల్లలకి పాఠం చెబుతుంది. వాళ్ళు సెల్‌ఫోన్‌లో శ్రుతి పెట్టుకుంటారు. అందులో చప్పుడు తగ్గించడానికి ఒక మీట ఉంది. మాకైతే తగ్గించడానికి ఒక మనిషి ఉండేవాడు. ఏది మేలంటే నేను చెప్పలేను, ఆ పిల్లలు మాకన్నా బాగానే పాడుతున్నారు. కాకపోతే, పక్కగదిలో ఒక మనిషి ఉన్నాడని తెలిసి పాడటం వాళ్ళకి రాదేమోనని నా అనుమానం. మావయ్యకి మిల్లు చప్పుడు ముప్పై ఏళ్ళు విన్న చెవులు ఇప్పుడు దాదాపు పోయాయి. చెవికి మెషీను కొనిస్తే పెట్టుకోడు, గోల అంటాడు.

ఆ రోజు రిసాలిలో లాగ్ షీట్లు చూసి నవ్వుతున్న నన్ను మావయ్య గదిలోకి లాక్కెళ్ళి చూపించి అత్త ఆయన చెవిలో, "సుధ పాట పాడతాదట!" అని అరిచింది. నేనామాట అననేలేదు. మావయ్య టీవీ కట్టేసి నా వైపు తిరిగాడు. "గట్టిగా పాడే, లేపోతే వినబడదు" అంది అత్త. గట్టిగా పాడటం నాకెప్పుడొచ్చు గనక? నేను శ్రుతి వెతుక్కుంటుంటే మావయ్య అత్త వైపు చూసి అరచేతి మీద చెంప ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అత్త లేచి కూలరు ఆపేసింది. నేను ఆయన కుర్చీ పక్కన కింద కూర్చుని, ఆయన అరచేతిలో ఒక్క వేలితో తాళం వేస్తూ, నాకొచ్చిన గొంతుతోనే ఎత్తుకున్నాను. పంచమం దగ్గర నిలబడి ఆ చేతిలోనే ఒకటి, రెండు, మూడు అని వేసుకుంటూ ఎనిమిది దాకా వెళ్ళి అప్పుడు దిగాను.

మావయ్య కళ్ళు తెరిచి, "ఇవేళ తొందరపడలేదే గుంటా" అన్నాడు.